కువైట్ యుద్ధం మా జీడిపిక్కల బట్టీకి వచ్చిన ఏడాది

పోయిన వారం నర్సీపట్నంలో షేర్ ఆటో ఎక్కి కృష్ణదేవిపేట రోడ్డు మీద వెళ్తుంటే జీడిపిక్కలు కాలుతున్న పొగ ముక్కుకు తగిలింది. ప్లాట్లు వేయడానికి ఎవరో పాత జీడితోట నరికించి ఎండురొట్ట తగలబెడుతున్నారు. ఆకుల్లో మిగిలిపోయిన పిక్కలు మంటలో చిటపటలాడుతున్నాయి. పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల చున్నీతో ముక్కు మూసుకుంది. నాకు మాత్రం ఆ గొంతు గీరే ఘాటు, దాని వెనకాలే వచ్చే కమ్మదనం కలిసి తగిలేసరికి ఆటోలో కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. ఎక్కడికో పరిగెత్తాలి, ఎవరినో వెతకాలి అన్నట్టుంటుంది నాకు ఆ వాసనతో, ఇప్పటికీ.

మా చిన్నతనంలో ఊరి చివర, చెరకు తోటలు మొదలయ్యేచోట, పెద్ద తాటాకుల పాకలో జీడిపిక్కల బట్టీ ఉండేది. ఎండలు ముదిరే రోజుల్లో కొండ మీద నుంచి కావిళ్ళలో, తోటల నుంచి బళ్ళ మీద పిక్కలు వచ్చి గుట్టలు పడేవి. మగవాళ్ళు చిల్లుల పెనాల మీద వాటిని కాల్చి బూడిదలో పోసేవారు. పాకలో గోనెపట్టాల మీద వరసగా కూర్చున్న ఆడవాళ్ళు చేతులకు ఆముదం పట్టించి, పిక్కను రాయి మీద నిలబెట్టి, చెక్కసుత్తితో ఒక్క దెబ్బ వేసి, లోపలి పప్పును బద్దలవకుండా గుండుగా బయటికి తీసేవారు. అమ్మ, అమ్మ చెల్లెలు రత్నం పిన్ని, ఇద్దరూ అక్కడే పని చేసేవారు. ఎంత ఆముదం రాసుకున్నా పిక్క తొక్కలోని జీడి అంటి వాళ్ళ వేళ్ళు నల్లగా, తోలు లేచిపోయి ఉండేవి. పెళ్ళిళ్ళకు వెళ్తే ఇద్దరూ చేతులు కొంగు కిందే దాచుకునేవారు.

బడి లేని రోజుల్లో మా కాలక్షేపమంతా ఆ పాక చుట్టూనే. జీడిపళ్ళు కొరికి రసం కారించుకుంటే గౌన్ల మీద పడిన మరక ఇక వదిలేది కాదు. దానికి అమ్మ చేతి దెబ్బలు వేరే. పిక్కలను గీత మీద వరసగా పేర్చి, దూరం నుంచి లావుపాటి పిక్కతో గురిచూసి కొట్టడం మా ఆట. గీత దాటినవన్నీ కొట్టినవాళ్ళవే. ఆ గెలిచిన పిక్కలను మా అమ్మమ్మ సాయంత్రం పొయ్యి నిప్పుల్లో వేసి కాల్చి, పైతొక్క తీసి, బెల్లం ముక్కతో కలిపి తలా కాస్త పెట్టేది. అమ్మమ్మ పొగచుట్ట అడ్డంగా నోట్లో పెట్టుకుని, నిప్పు లోపలి వైపు ఉంచి పీలుస్తూ, ఆ చుట్ట తీయకుండానే మమ్మల్ని తిట్టేది కూడా.

పిన్నికి ఒక చోట నిలకడ ఉండేది కాదు. బట్టీలో అందరికంటే బేగి పని ముగించి, లేచి గుమ్మం దగ్గర నిలబడి రోడ్డు వైపు చూసేది. బాబాయి కామెర్లతో పోయాక ఆ చూడటం మరీ ఎక్కువైంది. తుని వైపు నుంచి ఆడవాళ్ళు కువైట్‌లో ఇళ్ళల్లో పనికి వెళ్తున్నారని విని, ఒక ఏజెంటును పట్టుకుని, ఏడాది తిరక్కుండా తనూ బయల్దేరింది. కూతురు బుజ్జికి అప్పటికి సరిగ్గా మాటలు కూడా రాలేదు. బస్సు దగ్గర పిన్ని ఆ పిల్లను అమ్మ చేతికిచ్చి, "ఒగ్గేస్తన్నానని అనుకోకే అక్కా" అంది. "ఎవులు ఒగ్గేస్తన్నారు? నా పిల్లలతో పాటే పడుంటాది, నువ్వు బస్సెక్కు" అంది అమ్మ, అదేదో చింతపండు బుట్ట చేతికిచ్చినంత తేలిగ్గా.

పిన్నికి రాయడం రాదు, అమ్మకు చదవడం రాదు. అందుకని ఆ దేశం నుంచి సెలవు మీద వచ్చేవాళ్ళ చేత పిన్ని క్యాసెట్లు పంపేది. మాకు టేప్ రికార్డర్ లేదు కనుక బట్టీ షావుకారు గారి అరుగు మీదికి వెళ్ళేవాళ్ళం. ఆయన మీట నొక్కగానే గరగరమంటూ కాసేపు గాలి, ఆ తర్వాత పిన్ని గొంతు. అక్కడ ఇసక గాలి లేస్తే పట్టపగలే దీపాలు వేసుకుంటారని, దొరసానమ్మ తన చేతులు చూసి ఏదో రోగమనుకుని డాక్టరు దగ్గరకు పంపిందని చెప్పేది. "అక్కా, ఈల్లు ప్రతి మిఠాయిలోనూ జీడిపప్పు ఏస్తారే. నిన్న డబ్బా మూత తీస్తే గుండుపప్పు. మనం ఒలిసిందేనేమో అనిపించింది, ఒక్కటి కూడా తినబుద్ధెయ్యనేదు" అంది ఒకసారి. అమ్మ కళ్ళు తుడుచుకుంటే షావుకారు గారు, "మన సరుకు చాలా మట్టుకు అటే వెళ్తుందమ్మా" అన్నారు. బుజ్జి ఆ టేప్ రికార్డరుకు చెవి ఆనించి నవ్వేది. ఎవరైనా "మీ అమ్మేదే?" అని అడిగితే షావుకారు గారి అరుగు వైపు వేలు చూపించేది.

తొంభైలో, శ్రావణమాసంలో ఒకనాడు టీ కొట్టు రేడియోలో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసిందని చెప్పారు. నాన్న ఆ మాట ఇంటికి మోసుకొచ్చేసరికి అమ్మ బియ్యం కడుగుతోంది. చేతులు నీళ్ళలోనే ఉంచి, "మన రత్నం ఉన్న కువైటేనా?" అని అడిగింది. ఇంకో కువైట్ ఉండాలని ఆవిడ ఆశ. క్యాసెట్లు రావడం ఆగిపోయింది. నాన్న పొద్దున్నే టీ కొట్టుకు, మధ్యాహ్నం బస్టాండుకు, మళ్ళీ టీ కొట్టుకు తిరిగేవాడు. అమ్మమ్మ ఉప్పు, చింతపండు, నూకలు కుండల్లో నింపి మూతులకు గుడ్డతో వాసెన కట్టడం మొదలుపెట్టింది. తన చిన్నప్పుడు విశాఖపట్నం మీద జపాన్‌వాళ్ళు బాంబులు వేసినప్పుడు పట్నం జనం మూటలు నెత్తిన పెట్టుకుని మా వైపు ఊళ్ళకు వచ్చేశారట. "యుద్దమంటే ముందు బియ్యం ఎల్లిపోతాయే, ఆనక మనుసులు" అనేది.

అమ్మమ్మ అన్నట్టే జరిగింది, కాకపోతే బియ్యం కాదు, కిరసనాయిలు. డిపో ముందు డబ్బాలు వరసగా పెట్టి, మా డబ్బాకు కాపలాగా నన్ను, నా చంకన బుజ్జిని నిలబెట్టేవారు. వినాయక చవితికి అమ్మ చెరకు పిప్పితో పొయ్యి రాజేసి ఉండ్రాళ్ళు వండితే వాటి నిండా పొగ వాసనే. పండగ వెళ్ళిన వారానికి షావుకారు గారు ఆడవాళ్ళందరినీ పాకలోకి పిలిచి, గల్ఫ్‌కు వెళ్ళాల్సిన సరుకు రేవులోనే ఉండిపోయిందనీ, కొనేవాడు లేడనీ, కబురు చేసేదాకా పనికి రావద్దనీ చెప్పారు. పెనాలు బోర్లించారు. అమ్మ మర్నాడు అలవాటు కొద్దీ ఆముదం రాసుకుని గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ లోపలికి వచ్చి, గోడ కానుకుని కూర్చుని ఆ చేతులనే చూసుకుంటూ ఉండిపోయింది. తర్వాత వరిచేలో కలుపు తీయడానికి వెళ్ళేది. ఆ పని ఉన్ననాడు ఉండేది, లేనినాడు లేదు.

దసరా ముందు, సన్నగా వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, పిన్ని వీధి గుమ్మంలో నిలబడి ఉంది. కాళ్ళకు చెరొక రకం చెప్పులు, చేతిలో ఖాళీ నీళ్ళ డబ్బా, ఎండకు కమిలి పెచ్చులూడుతున్న ముఖం. లారీ మీద ఎడారి దాటి, జోర్డాన్‌లో గుడారాల్లో పడుకుని, అక్కడి నుంచి విమానంలో బొంబాయి, ఆ తర్వాత రైళ్ళు. గుడారంలో సింహళం ఆవిడ ఒకామె తన రొట్టెలో సగం రోజూ ఇచ్చేదట. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. అమ్మ ఏడుస్తూనే కాళ్ళకు నీళ్ళిచ్చింది. పిన్ని మోకాళ్ళ మీద కూర్చుని, "బుజ్జీ, నానే అమ్మని" అంది. ఆ గొంతు వినగానే పిల్ల ముఖం వెలిగింది. వెలిగి, పిన్నిని దాటుకుని, వానలో షావుకారు గారి అరుగు వైపు పరిగెత్తింది. పిన్ని వెనకాల వెళ్ళలేదు. ఆ పిల్లను ఎత్తుకొచ్చింది నేనే.

యుద్ధం ముగిసింది. బట్టీ తెరిచారు కానీ సగం మందినే పిలిచారు, ఆ సగంలో పిన్ని లేదు. కొన్ని నెలలు ఇంట్లో గుమ్మానికీ పెరడుకీ మధ్య తిరిగి తిరిగి, ఒకరోజు తుని ఏజెంటు దగ్గరకు వెళ్ళొచ్చానని చెప్పింది. అమ్మ చేతిలో చేట కింద పడేసింది.

"మల్లీ యుద్దం వొస్తే ఏటి సేస్తావు?"

"ఇక్కడికి మాత్రం రానేదేటి అక్కా? బట్టీ మూయించింది ఏటి మరి?"

ఆ రాత్రి ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. పిన్ని వెళ్ళింది, ఈసారి చాలా ఏళ్ళు ఉంది. బుజ్జి మా ఇంట్లోనే పెరిగి, అమ్మను అమ్మ అనీ, పిన్నిని కువైట్ అమ్మ అనీ పిలుస్తూ పెద్దదైంది.

ఇప్పుడు ఆ పాక లేదు, అక్కడ టైర్ల దుకాణం ఉంది. అమ్మమ్మ, అమ్మ, నాన్న, ముగ్గురూ లేరు. జీడిపిక్కలతో ఆడే పిల్లలు నాకెక్కడా కనపడలేదు. పిక్కలు ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చి ఫ్యాక్టరీలో ఆవిరికి ఉడికి యంత్రాల్లో పగులుతాయి, చేతులు నల్లబడవు. బుజ్జి ఆ ఫ్యాక్టరీలోనే పప్పు రకాలు వేరుచేసే పని చేస్తుంది. కువైట్ నుంచి వచ్చేసిన పిన్ని ఇప్పుడు దాని దగ్గరే ఉంటుంది. ఆ రోజు నేను ఆటోలో వెళ్తున్నది వాళ్ళింటికే. నేను వెళ్ళేసరికి పనిదినమైనా బుజ్జి ఇంట్లోనే ఉంది. ఎక్కడో సముద్రంలో ఓడల మీద దాడులు జరుగుతున్నాయట, అవి దూరపు దారిన చుట్టూ తిరిగి రావడంతో పిక్కలు అందడం లేదట, కబురు చేసేదాకా రావద్దన్నారట.

"కువైట్‌లో ముసలాళ్ళని సూసుకునే పనుందంట అక్కా. ఎల్దామనుకుంటన్నాను" అంది బుజ్జి. గుమ్మంలో దాని నాలుగేళ్ళ కూతురు ఫోన్‌లో బొమ్మలు చూసుకుంటోంది.

పిన్ని అటూ ఇటూ తిరుగుతున్నదల్లా ఆగింది. వద్దని అంటుందేమో అనుకున్నాను, వెళ్ళమంటుందేమో అని కూడా అనుకున్నాను. కీళ్ళు వంగక పిల్లను ఎత్తుకోలేని ఆ మనిషి గోడ పట్టుకుని నిలబడి, "పిల్లని ఎవులి దగ్గిర ఒగ్గేస్తావు?" అని మాత్రం అడిగింది.

బుజ్జి నా వైపు చూసింది. విశాఖపట్నంలో మాది రెండు గదుల ఫ్లాటు, మా ఆయన, నేను ఇద్దరం ఉద్యోగాలకు పోతే పగలంతా తాళం. అమ్మ అయితే ఆ పిల్లను అప్పటికే చంకన వేసుకుని ఉండేది. నేను మంచినీళ్ళు కావాలని లేచి లోపలికి వెళ్ళాను.