సార్ పెట్టిన చుక్క

మా లెక్కల సార్ పోయారని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. ఉదయగిరి నుంచి వాళ్లమ్మాయి చేసింది. “నాయన పోయినాడక్కా. కాఫీ తీసకపోయి లేపితే లేవలేదు. గుండె ఆగిపోయిందంట” అంది.

నేను చెన్నైలో గుండె కణాల మీద పనిచేస్తాను. డాక్టర్ని కాను. గుండెలోని ఒక్కో కణంలోకి కాల్షియం ఎలా వస్తుందో, ఎలా పోతుందో సమీకరణాలుగా రాసి కంప్యూటర్లో నడిపించడం నా ఉద్యోగం. ఫోన్ పెట్టేసరికి నా ముందు తెరమీద ఒక కణం హాయిగా కొట్టుకుంటూనే ఉంది. దాన్ని చూస్తే ఒళ్లు మండింది. ఆపేశాను.

సార్ అడిగిన ఒక ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు. తెలియక కాదు, తెలిసే చెప్పలేదు. ఈ నాలుగు మాటలు రాస్తున్నది అందుకే.

మాది మర్రిపాడు దగ్గర పల్లె. మా నాయన గొర్రెలు మేపేవాడు. నేను ఆత్మకూరులో ఇంటర్ చదివేటప్పుడు సార్ మాకు లెక్కలు చెప్పేవారు. రోజూ ఉదయగిరి నుంచి బస్సులో వచ్చేవారు. సీటు దొరికితే మా పేపర్లు బస్సులోనే దిద్దేవారు. దిద్దడమంటే ఇంటూ కొట్టడం కాదు. లెక్క ఏ వరుసలో దారి తప్పిందో ఆ వరుస పక్కన పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టేవారు, అంతే. బస్సు కుదుపులకి కొన్ని చుక్కలకి తోకలు కూడా వచ్చేవి. ఆ చుక్క చూసుకుని తప్పేదో మనమే పట్టుకోవాలి. దగ్గరికి వెళ్లి అడిగితే, “ఏడ తప్పినావో చెప్పినా గదా. ఏం తప్పినావో నువ్వు చెప్పు” అనేవారు.

పట్టుకుని వెళ్లి చెబితే కోసిన మార్కులన్నీ తిరిగి వేసేవారు. “తప్పు చేసినందుకు నేను మార్కులు కొయ్యను పాపా. ఒప్పుకోనందుకు కోస్తా” అని ఒకసారి నాతోనే అన్నారు. ఆ మాట విని నవ్వుకున్నాం. వెనక బెంచీల్లో ఆయన పేరు చుక్కల సార్.

రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. న్యూస్ పేపర్లో శాతాలు, సగటులు లెక్క వేసి చూసేవారు. తేడా వస్తే పక్కన చుక్క పెట్టి, మర్నాడు పేపర్ వేసే అతని చేతికిచ్చి, “మీ వాళ్లకి చూపించు” అనేవారట. అతను సరే సార్ అని తీసుకెళ్లేవాడట, పాపం.

రెండేళ్ల కిందట నా పరిశోధన వ్యాసం అచ్చయింది. ఒక ప్రతి పట్టుకుని ఉదయగిరి వెళ్లాను. గొప్ప చెప్పుకోవడానికే వెళ్లాను, దాచడమెందుకు. గుండె వేగం పెరిగినప్పుడు కణం కొట్టుకునే దెబ్బల మధ్య ఒక అదనపు దెబ్బ దానంతటదే పుడుతుందని, లయ తప్పడానికి అదీ ఒక కారణం కావచ్చని అందులో రాశాను. సార్ వరండాలో కూర్చుని అంతా విన్నారు.

“కణం గోడలో సన్నటి తలుపులుంటాయి సార్. దెబ్బ పడ్డప్పుడల్లా అవి తెరుచుకుని కాస్త కాల్షియం లోపలికొస్తుంది. అది లోపల నిల్వ ఉన్న కాల్షియాన్ని కూడా వదిలిస్తుంది. అప్పుడు కణం ముడుచుకుంటుంది. మళ్లీ దెబ్బ పడేలోపు బయటి నుంచి వచ్చినదంతా బయటికి పోవాలి.”

“ఎట్ట పోతాది?”

“మూడు సోడియాలు లోపలికి తీసుకుని ఒక కాల్షియాన్ని బయటికి తోసే ఏర్పాటు ఉంటుంది సార్. సోడియానికి ఒక్కో చార్జి, కాల్షియానికి రెండు.”

“మూడుకి ఒకటా” అని సార్ వ్యాసం అంచున రాసుకున్నారు. “బాగుండాది పాపా. చదువుతా.”

నాలుగు నెలలకి అదే ప్రతి పోస్టులో తిరిగి వచ్చింది. ఉత్తరం లేదు. నాలుగో పేజీలో ఒక వరుస పక్కన చుక్క ఉంది.

అరగంటలో పట్టుకున్నాను. తలుపుల్లోంచి ఒక కాల్షియం వస్తే రెండు చార్జీలు వచ్చినట్టు. బయటికి తోసేచోట మూడు చార్జీలు లోపలికొచ్చి రెండు బయటికి పోతాయి, మిగిలేది ఒకటి. అంటే అక్కడ ఒక్క చార్జీకే ఒక కాల్షియం పోతుంది. చార్జీల ప్రవాహాన్ని, అంటే కరెంటుని, కాల్షియం లెక్కలోకి మార్చేటప్పుడు నేను రెండు చోట్లా రెండుతోనే భాగించాను. దాంతో పోవలసిన కాల్షియంలో సగమే పోయింది. కణం నిండిపోతుంటే కారణం వెతకలేదు, ఆ ఏర్పాటు బలాన్ని రెండింతలు పెంచి సరిపెట్టాను. కాల్షియం సరిపోయింది, కరెంటు రెండింతలైంది. నేను కనిపెట్టానని చెప్పుకున్న అదనపు దెబ్బ ఆ దొంగ కరెంటు వల్ల పుట్టిందే అయ్యుండాలి. జీవశాస్త్రం చదవని మనిషి ‘మూడుకి ఒకటి’ అన్న నా నోటి మాట ఒక్కటి పట్టుకుని ఆ తప్పు దగ్గరికి వెళ్లాడు.

ఆ వ్యాసం వల్లే నాకు ఈ ఉద్యోగం వచ్చింది. కవరు సొరుగులో పెట్టి మూసేశాను.

తర్వాత సార్ ఒక్కసారి ఫోన్ చేశారు. “చూసినావా పాపా?”

“ఇంకా లేదు సార్. పని ఎక్కువగా ఉంది.”

“నిదానంగా చూడు. నాకు గుండె సంగతి ఏం తెలుసు? నేనే ఏడో తప్పి ఉంటా.”

లేదు సార్, మీరు తప్పలేదు అని అనొచ్చు. నోరు రాలేదు. ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి పెట్టేశాను. నాకు సిగ్గుగా ఉంది.

మంగళవారం నేను ఉదయగిరి చేరేసరికి అంతా అయిపోయింది. సార్ భార్యని మేమందరం అమ్మా అనే పిలుస్తాం. అమ్మ నా చెయ్యి పట్టుకుని, “గుండె మీద చదివినావు గదా పాపా, ఆయనకి ఎందుకు ఆగిపోయినట్టు?” అని అడిగింది. నాకేం తెలుసు? నా సమీకరణాల్లో ఎవరి గుండె ఉందని?

కాసేపటికి లోపలికి వెళ్లి ఒక పొడుగు నోట్‌బుక్ తెచ్చింది. “నీ లెక్కేనంట. లేస్తానే ఇదే పని. పాప తప్పు చెయ్యదు, నా కాడే ఏదో తప్పుండాది అని ఒకటే యావ. దొరికిందో లేదో నాకు చెప్పలా. నువ్వు చూడు, దొరికిందేమో.”

“సార్ తప్పు చెయ్యలేదమ్మా. నేను చేశాను. నాకు ఎప్పుడో తెలుసు.”

అమ్మ నా చెయ్యి వదిలేసింది. “మరి ఆ ముక్క ఆయనతో చెప్పలేకపోయినావా?” అంది. గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది.

తిరిగి వచ్చి ఆ వరుస మార్చాను. పెంచిన బలం మామూలుకి తెచ్చి కణాన్ని వేగంగా నడిపించాను. అదనపు దెబ్బ రాలేదు. ఎంతసేపు నడిపినా రాలేదు. ఆ ఫలితం తప్పని, తప్పు నాదని, పట్టుకున్నది మా సార్ అని పత్రికకి రాసి పంపాను. పై అధికారికీ చెప్పాను. ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. మీలో ఎవరైనా ఆ వ్యాసం చదివి ఉంటే దయచేసి దాన్ని నమ్మకండి.

నోట్‌బుక్ అమ్మ నాకే ఇచ్చి పంపింది. అందులో సార్ ఆ లెక్కని ఏడుసార్లు చేశారు. ఏడుసార్లూ ఒకటే జవాబు వచ్చింది, సరైన జవాబు. ప్రతిసారీ దాని కింద ‘నాదే తప్పు, మళ్లీ చూడాలి’ అని రాసుకున్నారు. రాను రాను అక్షరాలు పెద్దవై వంకర్లు పోయాయి. ఎనిమిదోసారి కొత్త పేజీలో సోమవారం తేదీ వేసి, ‘లోపలికి మూడు, బయటికి’ అని రాశారు. మిగతా పేజీ ఖాళీగా ఉంది.