గోబర్ గ్యాసు గోతి మీద లాంతరు

కొత్తపేటలో మా నాన్నగారు గేదెల పేడతో గ్యాసు ప్లాంటు కట్టిద్దామనుకుంటున్నారు. మోకాళ్ళ నొప్పులతో కదల్లేక, రాజోలు దగ్గర మావయ్యగారింట్లో ఉన్న ప్లాంటుని చూసి రమ్మని నన్ను పంపేరు.

ఉదయం ఏడింటికి బస్సెక్కేను. పక్కన కొబ్బరికాయల సంచీతో కూర్చున్నావిడ ఎక్కడికని అడిగితే చెప్పేను.

"మీ వయసులో పెళ్ళికొడుకుని చూడ్డానికెళ్తారండి," అంది. ఆ తర్వాత కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాను.

అమలాపురంలో బస్సు మారి, రాజోల్లో షేర్ ఆటో ఎక్కి, పదింటికి చేరేను. ఆ రోజే గోతి శుభ్రం చేస్తున్నారు. అడుగున మడ్డి పేరుకుని గ్యాసు తగ్గిందట. గ్యాసు నిండే ఇనప డ్రమ్ము పైకి లాగి పక్కన పడేసేరు. పేడనీళ్ళు సగం తోడేసేరు. తొంగి చూస్తే, నల్లటి అడుగులో ఒక బుడగ మెల్లగా ఉబ్బి, పగిలి, మళ్ళీ ఉబ్బుతోంది. లోపలెవరో నిద్రపోతున్నట్టు. పక్కనున్న గేదెల పాక నిండా ముసిరే ఈగలు గోతి మీదికి మాత్రం రావడం లేదు.

మడ్డి తియ్యడానికి గోతిలోకి దిగాల్సిన కూలీ సత్తిబాబు లాంతరుకి తాడు కట్టేడు.

"నూతిలో దిగేముందు దీపం దించుతామండి. ఆరిపోతే దిగం."

"ఆయ్, అలాగే కానియ్," అన్నారు మావయ్యగారు.

అగ్గిపుల్ల తీసేడు. వెళ్ళి అతని చెయ్యి పట్టేసుకున్నాను.

"ఇది నుయ్యి కాదండి. లోపల గ్యాసుంది. అంటుకుంటుంది."

"మరి దిగొచ్చో లేదో ఎలా తెలుస్తాదండి, అమ్మాయిగారూ?"

"మనిషి కంటే ముందు కోడిని దింపండి," అన్నారు అత్తయ్యగారు.

గంపలో పెట్టి దించేరు. కొక్కొక్కోమంటూ దిగింది. సగం తాడు కూడా జారకుండానే ఆ చప్పుడు ఆగిపోయింది. పైకి లాగితే మెడ వాలిపోయి ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. కింద బుడగ ఉబ్బుతూనే ఉంది.

మావయ్యగారు గోతి చుట్టూ ముళ్ళకంప వేయించేరు. మనిషి దిగకుండా, గట్టు మీంచే మోటారుతో తోడిద్దామన్నారు.

పొయ్యికి గ్యాసు లేదు కాబట్టి భోజనం పక్కింట్లో పెట్టేరు. వాళ్ళకీ ఇలాంటి ప్లాంటే. పొయ్యి మీద నీలి మంట, పొగ లేదు, వాసన లేదు. కట్టించుకోదగ్గదేనని నాన్నగారికి చెబుతాను. డ్రమ్ము ఎత్తిన గోతి దగ్గరికి మాత్రం నిప్పూ వెళ్ళకూడదు, మనిషీ వెళ్ళకూడదు.

మూడింటికి తిరుగు ఆటోలో సత్తిబాబు నా ఎదురుగా కూర్చున్నాడు. వాళ్ళ వీధి మొదట్లో దిగేడు. భార్య గుమ్మంలోనే ఉంది.

"పని మధ్యలో వదిలేసి వచ్చేసేవా? నువ్వింక బాగుపడవు."

ఆమె తిడుతూనే ఉంది. అతను మెట్టు మీద కూర్చుని వింటున్నాడు.