పదకొండు నిమిషాల రీలు

పందొమ్మిదేళ్ల నాలుగు నెలలుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. లెక్క తప్పే అలవాటు నాకు లేదు. అందుకే నా రాతను అందరూ నమ్మారు.

కెనడాలోని సస్కటూన్‌లో పాత ఫిల్ములు భద్రపరిచేచోట పనిచేసేదాన్ని. ఒక పెద్దావిడ తన తల్లి నటించిన రీలు తెచ్చి ఇచ్చింది. ఆ తల్లి అమెరికాలో మూకీ చిత్రాల నటి. పదిహేడో ఏట మొదలుపెట్టి ఏడేళ్లలో తొమ్మిది చిత్రాలు చేసింది. టాకీలు వచ్చాక వేషాలు రాలేదు. ఇక్కడి గోధుమ రైతును పెళ్లాడి వచ్చేసింది. తొమ్మిదింటిలో మిగిలింది ఈ పదకొండు నిమిషాలే. నిప్పు తగిలితే భగ్గుమనే ఫిల్ము కనుక కూతురు దాన్ని ఎన్నడూ ఆడించలేదు. నలభై ఏళ్లు నేలమాళిగ చలిలో దాచింది. వయసులో ఉన్న అమ్మ ఎలా నడిచేదో ఒక్కసారి చూడాలని ఆమె ఆశ.

కాపీ తీసే వంతు వచ్చేదాకా నెలకోసారి డబ్బా మూత తీసి, వాసన చూసి, ఆ రీలు కార్డులో రాయాలి. ఘాటు వాసన వస్తే ఫిల్ము కుళ్లుతున్నట్టు. వెంటనే కాపీ తీయించాలి. ఐదు నెలలు నేను మూత తీయలేదు. డబ్బాలుంచే చలిగదిలోకి వెళ్తే మోకాళ్లు పట్టేసేవి. కూర్చున్నచోటే "బాగుంది" అని రాశాను. బద్ధకమా? లేక ఇన్నేళ్లూ ఒక్క కొట్టివేత లేకుండా రాసిన చెయ్యి కదా, అది రాస్తే అదే నిజమవుతుందన్న పొగరా? ఆరో నెల తెరిస్తే డబ్బా నిండా గోధుమరంగు పొడి.

కార్డు చింపేశాను. కొత్త కార్డులో, రీలు అందిన తేదీ దగ్గరే రాశాను: "వచ్చేసరికే పాడైంది. కాపీకి పనికిరాదు."

తోటి ఉద్యోగిని సునీత అది చూసి, "మీ కార్డుందిగా ఆంటీ, ఇంకెవరు క్వశ్చన్ చేస్తారు? టెన్షన్ పడకండి," అని నవ్వింది.

ఎవరూ అడగలేదు. ఆ కూతురు మాత్రం వచ్చింది. కోటు కూడా విప్పలేదు.

"మా ఇంట్లోనే పాడైందా?"

"అవునండీ."

"కింద హీటర్ పెట్టించాను, రీలు మీకిచ్చే ముందు ఏడాదే. వద్దనుకుంటూనే పెట్టించా." మళ్లీ తనే అంది: "అయితే అమ్మను నేనే చెరిపేశాను."

కాదనడానికి ఒక్క మాట చాలు. నేను ఆమెకు టీ కలిపి ఇచ్చాను. థాంక్స్ చెప్పి తాగింది.

ఆమె పోయి ఆరేళ్లు. క్షమించమని అడగడానికి మనిషి లేదు. ఉన్నా నాకు ముఖం లేదు. ఆ కార్డు ఇంకా అక్కడే ఉంది, నా చక్కని రాతలో. మీకు మాత్రం చెబుతున్నాను, ఇలా రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది గనుక.

ఆమె ఆ రీలును నలభై ఏళ్లు కాపాడింది. నేను ఐదు నెలల్లో పోగొట్టాను.