పగులులోకి దిగిన ఊపిరి

మా అమ్మ పోయాక నాకు మిగిలింది ఆవిడ వీణ ఒక్కటే. గజపతినగరంలో మా అత్తవారిది కిరాణా వ్యాపారం. నూనె డబ్బాల పక్కనే దాన్నీ పెట్టుకుని కాపురం చేశాను. నా నలభైల్లో ఒక దసరాకి, నా భక్తి తగలెయ్య, విగ్రహానికి చేసినట్టు వీణకు పసుపు నీళ్లతో స్నానం చేయించి ఎండలో ఆరబెట్టాను. సాయంత్రానికి వీణ అడుగున గుండ్రటి కుండ మీద వెంట్రుకంత పగులు. తీగ మీటితే జర్రుమంది.

"పగిలిన దేవత ఇంట్లో ఉండకూడదే. సంపావతిలో కలిపీద్దాం," అంది మా అత్త. కోపం కాదు, భయం. మా ఊరి చంపావతి నదిలో మా అమ్మ వీణా! అత్త కాళ్లు పట్టుకున్నాను. బొబ్బిలిలో ఒక్కసారి చూపిద్దాం, బాగవకపోతే నేనే నదిలో వదులుతానని ఒప్పించి రైలెక్కించాను.

వీణలు చేసే ముసలాయన పగులు కేసి చూడనైనా లేదు. కళ్లు మూసుకుని వేలి కణుపుతో కుండ చుట్టూ తట్టాడు. ఒకచోట ఆగాడు.

"ఇక్కడిదాకా పోనాదమ్మా, పైకి అవుపడదు. నీలు పోసినావేటి? పనస కర్ర తల్లీ ఇది. తాగుతాది, ఎండితే సీలుతాది."

నేను చెప్పనే లేదు.

జిగురు వెచ్చబెట్టి పగులు పొడవునా రాశాడు. అది లోపలికి దిగలేదు. వీణ పైపలక మీద రెండు వైపులా సన్నటి చిల్లులుంటాయి. ఒకవైపువి అరచేత్తో మూసి, రెండోవైపు వాటికి నోరు ఆనించి ఊపిరి లాగాడు. పైన మెరుస్తున్న జిగురు గీత నా కళ్లముందే పగుల్లోకి దిగిపోయింది. అంతటి అద్భుతం నేను మళ్లీ చూడలేదు. కానీ సరస్వతికి ఎంగిలి! భయపడుతూనే మా అత్త వైపు చూశాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

గుడ్డ పట్టీలతో బిగించి, మర్నాడు మధ్యాహ్నం రమ్మన్నాడు. వెళ్లేసరికి తీగలు కట్టి ఉంచాడు. నా ఒళ్లో పెట్టాడు. మంద్ర తీగ మీటాను. జర్రు లేదు. మా అమ్మ పొద్దున్నే శ్రుతి చేసుకుంటుంటే మా ఇల్లంతా నిండే నాదమే అది. ఏడ్చేశాను.

మా అత్త లేచి వచ్చింది. ఆయన నోరు ఆనించిన చోటే అరచెయ్యి ఆనించి కళ్లకద్దుకుంది.

"సంపావతికి పసుపూ కుంకం సాల్లే," అంది. కాపురానికొచ్చాక ఏనాడూ వాయించమని అడగని మనిషి, నా పక్కనే చతికిలబడి, "ఏదీ, మళ్లీ వాయించవే," అంది.