లాక్ పడిన నాన్న ఫోన్

ఈ రోజు పొద్దున్న మా ఊరు తెలుక్ ఇంటాన్ మార్కెట్లో నాన్న కళ్లు తిరిగి పడిపోయినారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ, ఈయనకి పడని మందు ఏదైనా ఉందా అని అడిగింది. ఒకటుంది, పేరు మాకు తెలీదు. ఆ పేరు రాసిన చీటీ ఫొటో నాన్న ఫోన్లో ఉంది. ఫోన్‌కి పాస్‌కోడ్ ఉంది. నాన్నకి మాట రావట్లేదు.

ఆయన పుట్టినరోజు కొట్టినాను, తప్పు. కారు నంబరు కొట్టినాను, అదీ తప్పు. ఇంకొక్కసారి తప్పితే ఫోన్ లాకైపోతుంది. డాక్టరమ్మ ఇంజెక్షన్ పట్టుకుని నిలబడి ఉంది.

అప్పుడు అమ్మ మెల్లగా అంది. "ఒకటి సున్నా నాలుగు ఆరు కొట్టి సూడు లా."

"అదేటమ్మా?"

"బాగన్ దాతుక్ తోటలో నా కూలి నంబరు. మీ నాన్న అప్పుడు అక్కడ క్లర్కు గదా. రోజూ తెల్లారగట్ల హాజరు పిలిసినప్పుడు ఆ నంబరుతోనే నన్ను పిలిసీవోరు."

ఫోన్ తెరుచుకుంది.

నాన్న ఇప్పుడు బాగున్నారు. తేరుకోగానే, నా ఫోన్ ఎవరు తీసినారని కోప్పడినారు. అమ్మ దుప్పటి సర్దింది.

తిరిగొస్తుంటే కార్లో నా భార్య అడిగింది, నీ పాస్‌కోడ్ ఏటని. నాది కారు నంబరు. ఇంకా చెప్పలేదు. మీరైతే ఏం చెప్తారు?