తొడిమలు లేని బుట్ట

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదని నాకు గట్టి నమ్మకం. ఇరవై మూడేళ్ల వయసు, కొత్త టీచరు ఉద్యోగం, ఒంటి మీద మా అమ్మ గంజిపెట్టి ఇచ్చిన మంగళగిరి చీర. నమ్మకానికి ఇంకేం కావాలి? నాలుగు ఊళ్లకు కలిపి ఒకటే హైస్కూలు మాది. ఏ ఊరివాళ్లకూ కోపం రాకూడదని నాలుగింటికీ సమాన దూరంలో, అంటే ఎవరికీ దగ్గర కాకుండా, మిరపచేల మధ్య కట్టారు. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. (సాయంత్రం బస్సు వేళకు వస్తుందని నమ్మేవాళ్లలో నేనే ఆఖరిదాన్ని.) అక్కడ నేను లెక్కలు చెప్పేదాన్ని. మాది మగ్గాల ఇల్లు. తెగిన పోగు అతకడం తెలుసు గానీ, మిరపకాయ చెట్టుకు ఎలా కాస్తుందో అక్కడికెళ్లాకే చూశాను.

ఫిబ్రవరి వచ్చేసరికి పదో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. కోతలు మొదలయ్యాయి. హెడ్మాస్టరుగారు ఇవన్నీ ఏళ్ల తరబడి చూసినవారు కాబట్టి, ఈ నెలలో హాజరుపట్టీ పొలానికి పట్టుకెళ్లాలమ్మా అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే వారం రోజులుగా రానివాళ్లలో 'ఆగండి' కూడా ఉంది. ఆ పిల్లకు ఆ పేరు నా చలవే. బోర్డు మీద నేను తప్పు వేసినప్పుడల్లా మొదటి బెంచీలోంచి లేచి, ఎంతో మర్యాదగా "ఆగండి టీచర్" అనేది. (నెలకు ఎన్నిసార్లని అడక్కండి.) పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయి. వాళ్ల అక్క కూడా రెండేళ్ల కిందట ఇలాగే కోతలకని బడి మానేసి, మళ్లీ గడప తొక్కలేదట. అది విన్నాక నాకు అన్నం సయించలేదు.

శనివారం బడి వదలగానే వాళ్ల కౌలు చేనికి వెళ్లాను. వాళ్ల నాన్న పిడుగురాళ్లలో సున్నపు బట్టీ పనికి పోయాడు. చేనంతా వాళ్లమ్మ ఒక్కతే చూసుకుంటోంది. చదువు గొప్పదనం గురించి నేను చెప్పినదంతా ఆవిడ ఓపిగ్గా విన్నది.

"కూలోళ్లు దొరకట్లేదండి టీచరమ్మగారూ. కాయ పండి చెట్టు మీదుంది. ఒక్క వాన పడితే అంతా తాలే. పిల్లని బడికి పంపి నేనేం చేసేది?"

తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ. కొనేవాళ్లు దాన్ని చూసి ముఖం తిప్పుకుంటారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ ఆదివారం నేనొచ్చి కోస్తానని, సోమవారం నుంచి పిల్లను పంపాలని బేరం పెట్టాను. ఆవిడ నా గంజి చీరను పైనుంచి కిందిదాకా చూసి సరేనంది.

ఆదివారం పొద్దున్నే మిరపచెట్ల సాల్లోకి దిగాను. చేసే పని శుభ్రంగా చేయాలని మా నాన్న నేర్పాడు కదా, ప్రతి కాయనూ తొడిమ దగ్గర తుంచి, తొడిమను చెట్టుకే వదిలేసి, కాయ మాత్రం బుట్టలో వేశాను. పక్క సాల్లోంచి ఆ పిల్ల తొంగి చూసి "ఆగండి టీచర్" అంది. ఇక్కడ నేను టీచర్ని కాదు, కబుర్లాపి కొయ్యమన్నాను. కాసేపటికి మళ్లీ అంది. ఈసారి కళ్లెర్రజేశాను. పాపం, చెప్పినమాట వినే పిల్ల, ఊరుకుంది.

మధ్యాహ్నానికి బుట్ట నిండింది. వాళ్లమ్మ ఒక కాయ తీసి అటూ ఇటూ తిప్పింది. ఇంకొకటి తీసింది.

"తొడిమలేవండీ?"

శుభ్రంగా తీసేశానని గర్వంగా చెప్పాను. తొడిమ లేకపోతే కాయలోకి తేమ చేరి, ఎండబెట్టే కళ్లంలోనే బూజు పడుతుందని, నేను బీజగణితం చెప్పినంత నెమ్మదిగా కూతురే నాకు చెప్పింది. పోతే పోనీ కాయలు, వాళ్ల కష్టం నా చేతుల్తో పాడుచేశానని ఏడుపొచ్చింది. ఏడుపొస్తే ఏం చేస్తాం? కళ్లు తుడుచుకుంటాం. కాయల రసం కారిన ఆ చేతుల్తోనే తుడుచుకున్నాను.

తర్వాత చేలో ఏం జరిగిందో నేను చూడలేదు, విన్నాను అంతే. చుట్టుపక్కల చేలవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. వాళ్లమ్మ నా కళ్లు నీళ్లతో కడిగి, అన్నంలోకి తెచ్చుకున్న మజ్జిగంతా నా చేతుల మీద పోసి, తన పమిటతో నా ముఖం తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది.

"లెక్కలు మీరు చూసుకోండమ్మా, కాయలు నేను చూసుకుంటా. రేపట్నుంచి పిల్లని పంపిస్తా. మీరు మాత్రం ఇటు రామాకండి."

సోమవారం ఆ పిల్ల మొదటి బెంచీలో ఉంది. నా వేళ్లు మండి సుద్దముక్క పట్టుకోలేకపోతే, నేను చెబుతుంటే తనే బోర్డు మీద రాసింది. మధ్యాహ్నం డబ్బాలో పండుమిరప పచ్చడి ఇచ్చింది. ఆ బుట్టలోని కాయలే. పచ్చడికెలాగూ తొడిమలు తీయాలి, ఆ పని తప్పిందని వాళ్లమ్మ చెప్పమందట. ఆ మాటకు నాకు మళ్లీ ఏడుపొచ్చింది, ఈసారి చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఇప్పుడా పిల్ల ఉద్యానశాఖలో పనిచేస్తోంది. చేలెంట తిరిగి రైతులకు సలహాలు చెబుతుంది. వాళ్లమ్మ ఏటా పచ్చడి పంపిస్తూనే ఉంది. చదువు గురించి ఆవిడకే పాఠం చెప్పిన ఆ గంజి చీర అమ్మాయి గుర్తొస్తే సిగ్గేస్తుంది గానీ, ఎందుకో ఆ అమ్మాయంటే నాకు ముద్దు కూడా. మొన్న వీడియో కాల్లో ఆ పిల్లకు నా బాల్కనీ కుండీలో పండిన మొదటి మిరపకాయను గొప్పగా చూపించి, కోద్దామని చెయ్యి చాపాను.

"ఆగండి టీచర్" అంది.

ఈసారి ఆగాను.