రమోన్‌కీ నాకూ రాని ఇంగ్లీషు

మొన్న మోపిదేవి దాటాక కారు అద్దం దించగానే రొయ్యల మేత వాసన లోపలికొచ్చింది. ఎండుచేప, తవుడు, తడిసిన గోనె కలిసిన వాసన. మా ఆవిడ ముక్కు మూసుకుని "అద్దం ఎత్తండి, తల తిరుగుతోంది" అంది. కాసేపు ఎత్తలేదు. ఆ వాసన వస్తే నాకొక మనిషి గుర్తొస్తాడు. మోకాళ్ళదాకా ప్యాంటు మడిచి, చెవి మీద సుద్దముక్క పెట్టుకుని చెరువుగట్టు మీద నడిచే రమోన్.

తొంభైల నడుమ మాట. దివిసీమలో వరి పొలాలు తవ్వి రొయ్యల చెరువులు చేస్తున్న కాలం. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నకు మోటారు విడిభాగాల కొట్టు ఉండేది. చెరువు నీళ్ళను చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లకు గేర్లూ బేరింగులూ మా దగ్గరే కొనేవారు. మా ఇంట్లో పిల్లలకు మొదట నేర్పే పాఠం ఒకటే: నీకు తెలియనిది ఎదుటివాడికి తెలియనీయకు. ముఖం కదిలిందా, బేరం పోయినట్టే. నేను ఆ చదువులో ఎప్పుడూ ఫస్టు క్లాసే.

రమోన్ దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ మనిషి. మాతృభాష స్పానిష్. రొయ్యల పెంపకంలో ఆరితేరినవాడని ఒక మేత కంపెనీ రప్పించింది. మొదటిరోజే మా కొట్టుకొచ్చి ఒక గేరు ఎత్తి చూపించి, "దీని పేరు నాకు తెలియదు. ధర కూడా తెలియదు. మీరు చెప్పండి" అన్నాడు ఇంగ్లీషులో. నాన్న కళ్ళు మెరిశాయి. ఒకటికి ఒకటిన్నర చెప్పాడు. "అంత ఎందుకు? నాకు తెలియదు." మంచి ఇనుమన్నాడు నాన్న. "మంచిదని ఎట్లా తెలుస్తుంది? నేర్పండి." నాలుగో ప్రశ్నకు నాన్న చెమట తుడుచుకుని అసలు ధర చెప్పేశాడు. రమోన్ వెళ్ళాక నావైపు తిరిగి, "తెలివైనవాడితో బేరం ఆడొచ్చురా సలీమ్. తెలియదనేవాడితో ఏం ఆడతాం?" అన్నాడు.

ఆ కంపెనీకి చెరువుల దగ్గర దుబాసీ కావాలని తెలిసి, ఇంగ్లీషు నాకు కొట్టినపిండి అని చెప్పి చేరిపోయాను. నిజానికి నాది సెలవుచీటీ ఇంగ్లీషు. "ఐ బెగ్ టు స్టేట్" అంటూ మొదలవుతుంది, అక్కడే ఆగిపోతుంది. రమోన్‌ది ఇంకో రకం. మోటారు ఆపమనడానికి "ఎక్స్‌టింగ్విష్ ద మోటార్" అనేవాడు. అదేదో గొప్ప ఇంగ్లీషనుకుని నేను ముందొక "కైండ్లీ" తగిలించేవాణ్ణి. మద్రాసు ఆఫీసులో రొయ్యల రోగాలు చూసే ఇంగ్లీషు దొర ఫోన్లో మాట్లాడితే మాత్రం ఇద్దరం బిక్కచచ్చిపోయేవాళ్ళం. ఆయన మాటలన్నీ పొట్టివే. టర్న్ ఆఫ్, టాప్ అప్, కట్ డౌన్, రన్ అవుట్. విడివిడిగా అన్నీ ఒకటో తరగతి మాటలు. కలిస్తే ఏం చెబుతున్నాడో అంతుపట్టదు.

"మా భాషలో ఒక పనికి ఒక మాట. ఇంగ్లీషువాడు ఒకే మాటకి తోక మారుస్తూ పది పనులు చేయిస్తాడు" అని వాపోయాడు రమోన్ ఒకనాడు.

"మాకూ ఉంది ఆ రోగం. 'పడు' అంటే ఫాల్" అన్నాను. "కనబడు, నిలబడు, ఇష్టపడు, కష్టపడు. ఇందులో ఎవరూ కింద పడరు."

గట్టు మీద కూలబడి నవ్వాడు. ఆ రోజు నుంచి అతని పద్ధతి మొదలైంది. తెలియని మాట విన్నప్పుడల్లా దొరనే అడిగి తెలుసుకుని, ఆ పని జరిగే చోట సుద్దతో రాసేవాడు. స్టార్టరు పెట్టె మీద టర్న్ ఆన్, టర్న్ ఆఫ్. డీజిలు పీపా మీద ఫిల్ అప్. మేత అయిపోయిన ఖాళీ గోనె మీద రన్ అవుట్. ఆ పని చేస్తూ గట్టిగా పలకాలి, అప్పుడే వచ్చినట్టు లెక్క. వానకు చెరిగిపోతే మళ్ళీ రాసేవాడు. నేను మాత్రం "ఇవన్నీ నాకు ముందే తెలుసు" అన్న ముఖం పెట్టి, అతను అటు తిరగగానే గోనె సంచి చదువుకునేవాణ్ణి.

నాగాయలంక పక్క నాంచారయ్య అనే ఆయన చెరువు చూసేవాళ్ళం. తాతల నాటి నుంచి చేపల వేట వాళ్ళది. ఉన్న ఒక్క పడవా అమ్మేసి ఆ చెరువులో పెట్టాడు. మబ్బు పట్టిన నాలుగో రోజున రొయ్యలు మేత ముట్టకుండా నీటి పైకి తేలడం మొదలుపెట్టాయి. రమోన్, నేను, నాంచారయ్య ఎస్టీడీ బూతుకు పరిగెత్తాం. దొరతో నేను మాట్లాడతానన్నాను. ఆయన గడగడా చెప్పాడు. నాకు దొరికినవి మూడే మాటలు: వాటర్, ఫీడ్, ఏరియేటర్. "ఎస్ సార్, ఎస్ సార్" అని పెట్టేశాను.

"ఏమన్నాడు బాబూ?" అన్నాడు నాంచారయ్య.

"కాలువ నీళ్ళు పెట్టమన్నాడు. భయం లేదు." తడుముకోకుండా చెప్పాను. మూడు మాటలు వినబడితే మిగతాది అల్లుకోవడం కొట్లో అలవాటే. ఆయన చేతులు జోడించి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

రమోన్ నన్నే చూస్తున్నాడు. "నేనూ పక్కనే నిలబడి విన్నాను. నాకు అర్థం కాలేదు. నీకు అర్థమైంది గదా, ఆయన అన్న మాటలు అన్నట్టే చెప్పు, రాసుకుంటాను."

చెప్పలేకపోయాను. అతనే మళ్ళీ ఫోను కలిపాడు. "సార్, నాది స్పానిష్. మీరు చెప్పింది మాకు అర్థం కాలేదు. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పండి" అన్నాడు. బూతు బయట వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. అతను లెక్కచేయలేదు. ప్రతి మాటా తిరిగి పలికి, ఇదేనా అని అడిగి, చివరికి నాకేసి తిరిగి విప్పి చెప్పాడు. కాలువలో రోగం తిరుగుతోంది, కొత్త నీళ్ళు అస్సలు రానివ్వొద్దు. రెండు రోజులు మేత ఆపాలి. ఏరియేటర్లు ఆగకూడదు.

మోటార్‌సైకిలు మీద వెళ్ళేసరికి నాంచారయ్య నడుంలోతు నీళ్ళలో నిలబడి తూము పలక మీద రెండు చేతులూ వేసి ఉన్నాడు. "ఎత్తొద్దు!" అని అరిచాను.

"ఏమైంది? నువ్వే గదయ్యా పెట్టమన్నావు?"

గట్టు మీద ఆయన భార్యా, నలుగురు చుట్టాలూ ఉన్నారు. రమోన్ వైపు చూశాను. అతనికి తెలుగు రాదు, చెప్పాల్సింది నేనే. "నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు చెప్పాను. తప్పు నాదే" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదటిసారి.

నాంచారయ్య భార్య నుదురు కొట్టుకుంది. "నీ పొగరు తగలెయ్య! ఆ బూతులోనే అని ఉంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?" నాంచారయ్య పలక గట్టిగా కిందికి నొక్కి, నీళ్ళలోంచి చెయ్యందించాడు. "తిట్లు తర్వాతే. ముందు నన్ను లాగు బాబూ. ఇంతకీ ఏం చెయ్యమన్నాడో ఇప్పుడన్నా సరిగ్గా చెప్పు."

ఆ నెలలో కాలువ నీళ్ళు పెట్టిన చెరువుల్లో రొయ్యలు తెల్లమచ్చలతో చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. నాంచారయ్య చెరువు నిలిచింది. పంట పెద్దదేం కాదు గానీ పడవ తిరిగి వచ్చింది. రమోన్ మరుసటి ఏడు వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. ఉత్తరాలు రాసుకుందాం అనుకున్నాం. ఇద్దరిలో ఎవరమూ రాయలేదు.

ఇప్పుడు ఆటోనగర్ కొట్టు నాది. బ్యాంకువాళ్ళూ కంపెనీ ఏజెంట్లూ కాగితాలు పరిచి గడగడా చెబుతుంటారు. నా తల పాత అలవాటు కొద్దీ ఊగబోతుంది. ఆపుకుని, "నాకు అర్థం కాలేదండీ, మళ్ళీ చెప్పండి" అంటాను. అట్లా అన్నందుకు కొన్ని బేరాలు పోయాయి, పైన ఉన్న నాన్న నన్ను క్షమించాలి. కానీ రెండోసారి చెప్పబోయి నీళ్ళు నమిలేవాళ్ళే ఎక్కువ. వాళ్ళకూ అర్థం కాలేదన్నమాట. అప్పుడు టీ తెప్పించి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇద్దరం మొదటి లైను నుంచి చదవడం మొదలుపెడతాం.